ఆటలోని కష్టం

పాఠ్యభాగ పరిచయం

ఆట వినోదం కోసం పుట్టింది. కష్టాన్ని తప్పించుకోవడం మనిషి స్వభావం. అయినా మనిషి తాను ఆడుకొనే ఆటల్లోకి కోరి కష్టాన్ని తెచ్చిపెట్టుకొంటాడు. అతి సులభంగా గెలిచే ఆటను రెండు రోజుల్లో మరచిపోతాడు. పదేపదే ఓడించిన ఆట దగ్గరకు మాత్రం మళ్ళీ మళ్ళీ వెళ్తాడు. ఈ వైచిత్రికి కారణమేమిటో తెలుగువారి అవధానక్రీడ మొదలు నేటి యువతరం ఆడుకొనే వీడియో ఆటల వరకు పరిశీలించడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధానిగా నిలిచిన ఊరు పెనుకొండ. కోటగోడలు, గుళ్ళు, బురుజులు ఆ ఊరికి పేరు తెచ్చినవి. వాటితోపాటు ఇటీవలి కాలంలో ఆ ఊరికి మరొక కారణంగానూ ప్రసిద్ధి కలిగింది. పద్మశ్రీ పురస్కార గ్రహీత, అవధాని ఆశావాది ప్రకాశరావు (1944–2022) నివాసం పెనుకొండే. ఆయన 150కి పైగా అష్టావధానాలు చేశారు. శతావధాని సి.వి. సుబ్బన్న ఆయనకు అవధానవిద్యలో గురువు. ప్రభుత్వ కళాశాలల్లో తెలుగు బోధించిన ఆచార్యుడు సాయంకాలం వేదిక ఎక్కి ఎనిమిది మంది మధ్య కూర్చుంటే, ఊరి జనం చాపల మీద, కుర్చీల మీద కూర్చుని రెండు మూడు గంటలపాటు కదలకుండా వినేవారు. వారిలో ఛందస్సు తెలిసినవారు కొందరే. తక్కినవారిని అక్కడ కట్టిపడేసినది ఏమిటి? అవధాని చెప్పే పద్యంలోని భావం కొంతవరకు కారణం. అంతకంటె పెద్ద కారణం, ఆ పద్యం పుట్టే పద్ధతిలో ఉన్న కష్టం.

అష్టావధానంలో ప్రశ్నలు వేసేవారిని పృచ్ఛకులంటారు. వారు ఎనిమిదిమంది. ఒకరు సమస్య ఇస్తారు. అది చూడగానే అర్థం పొసగనట్లు, కొన్నిసార్లు అనుచితంగా కనిపించే ఒక పద్యపాదం. మిగిలిన పాదాలు పూరించి దానికి చక్కని అర్థం వచ్చేటట్లు చేయాలి. మరొకరు దత్తపది పేరుతో నాలుగు మాటలు ఇచ్చి, వాటిని ఏ భారతకథలోనో పొదగమంటారు. కారు, లారీ వంటి మాటలు ఇచ్చినా అవధాని బెదరకూడదు. ‘వారు మనవారు కారు’ అన్నప్పుడు ‘కారు’ అనే మాట చక్రాలు విడిచిపెట్టి అచ్చమైన తెలుగు క్రియగా మారిపోతుంది. వర్ణన, ఆశువు, పురాణపఠనం వంటివి మరికొన్ని. ఇవి జరుగుతున్నంతసేపు ఒకరు గంట మోగిస్తూ ఉంటారు. మొత్తం ఎన్నిసార్లు మోగిందో అవధాని చివర చెప్పాలి. అప్రస్తుతప్రసంగి మధ్యమధ్య అడ్డుపడి సంబంధం లేని ప్రశ్నలు వేస్తాడు. ఆ ప్రశ్నలన్నీ కొత్తవని చెప్పలేము. తరతరాలుగా వేదికలు మారుతూ వస్తున్నవీ కొన్ని ఉంటాయి. కాని వాటి ప్రయోజనం హాస్యం ఒక్కటే కాదు. అవధాని మనసులో సగం కట్టిన పద్యపాదాన్ని కూల్చివేయడమే అప్రస్తుతప్రసంగి పని.

ఈ ఎనిమిదింటిలో కష్టం అంటే ఏమిటో అందరికంటె స్పష్టంగా చూపించేది నిషిద్ధాక్షరి. పృచ్ఛకుడు ఒక విషయం ఇచ్చి కందపద్యం చెప్పమంటాడు. అవధాని ఒక్కొక్క అక్షరమే చెప్పాలి. ప్రతి అక్షరానికి ముందు, అవధాని ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు.

ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. పెనుకొండ కోటను వర్ణించమని అడిగారనుకొందాం. మొదటనే ‘శ్రీ’ వద్దని పృచ్ఛకుడు అంటాడు. అవధాని ‘కొ’ అంటాడు. తరువాత ‘కొండ’ అనబోతున్నాడని సభలో అందరికీ తెలుసు. పృచ్ఛకుడు డకారం వద్దంటాడు. అవధాని ‘ల’ అంటాడు. ఈ ఒక్క అక్షరంతో రెండు కట్టుబాట్లు ఏర్పడినవి. కందంలో నాలుగు పాదాలకూ ప్రాస ఉండాలి కనుక ఇకపై ప్రతి పాదంలోనూ రెండవ అక్షరం లకారమే కావాలి. పద్యం లఘువుతో మొదలయింది కనుక నాలుగు పాదాలూ లఘువుతోనే మొదలుకావాలి. ఇప్పుడు ‘కొల’ తరువాత ‘కొలను’ వస్తుందని ఊహించి నకారం వద్దంటారు. అవధాని ‘వు’ అంటాడు. మాట ‘కొలువు’ అయింది. మూడు లఘువులు వరుసగా పడ్డాక, కందంలోని గణనియమం ప్రకారం నాలుగవది కూడా లఘువే కావాలి. ‘కొలువున’ అంటాడని తలచి పృచ్ఛకుడు మళ్ళీ నకారాన్ని నిషేధిస్తాడు. అవధాని నవ్వి ‘కు’ అంటాడు. ‘కొలువుకు’ అయింది. సభలో చప్పట్లు మోగుతాయి. నిజానికి అక్కడ ఇంకా పద్యం లేదు, భావం లేదు. నాలుగు అక్షరాలు మాత్రమే ఉన్నవి. మూసిన తలుపుల ప్రక్కనే తెరిచి ఉన్న తలుపు ఒకటి అందరి కళ్ళముందు కనిపించింది. జనం సంతోషించినది అందుకే.

ఇక్కడ గమనింపదగిన నియమం ఒకటి ఉన్నది. యతి పడవలసిన చోట, ప్రాస కుదిరిన తరువాత ప్రాసస్థానంలో, పృచ్ఛకుడు సాధారణంగా నిషేధం పెట్టడు. ఆ అక్షరాన్ని ఛందస్సే కోరుతున్నది. దానిని కూడా నిషేధిస్తే అవధానికి దారి ఉండదు. అప్పుడు అవధాని ఓడిపోవచ్చును. కాని ఆ ఓటమిలో ఆయన తప్పు ఏమీ ఉండదు, పృచ్ఛకుని ప్రజ్ఞ కూడా ఉండదు. నిషేధానికి కూడా ఒక మర్యాద ఉన్నదని పెద్దలు గుర్తించారు. దారి చాలా ఇరుకు చేయవచ్చును, పూర్తిగా మూయకూడదు. ఆటలోని కష్టానికి సంబంధించిన మొదటి రహస్యం ఇదే.

ఇదే రహస్యాన్ని అక్షరాలు రానివారు కూడా ఎరుగుదురు. రాయలసీమ పల్లెల్లో రచ్చబండల మీద, గుడి మండపాల రాతినేల మీద గీసిన పులిజూదపు గీతలు చూడనివారు అరుదు. ఒక త్రిభుజం, దానికి అడ్డంగా గీతలు. మొత్తం 23 కూడళ్ళు. ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. ప్రక్క ప్రక్కన నిలిచి, పులి కదలకుండా దారులన్నీ మూసివేయడమే దానికి గెలుపు. కొత్తగా నేర్చుకొనే పిల్లవాడికి మేకలు ఇస్తే నాలుగైదు ఆటలు వరుసగా ఓడిపోతాడు. పదిహేను ఉన్నా మూడింటికి ఎందుకు ఓడిపోతున్నానా అని ఆశ్చర్యపోతాడు. ఆరవ ఆటలో, వెనుక ఖాళీ ఉన్న చోట మేకను పెట్టరాదని అతడికి తెలుస్తుంది. ఎవరూ చెప్పనవసరం లేదు. చచ్చిన మేక ఏ కూడలిలో చచ్చిందో, దాని వెనుక ఏ కూడలి ఖాళీగా ఉన్నదో బండమీద కనిపిస్తూనే ఉంటుంది. ఓటమికి కారణం కంటికి కనిపించినప్పుడు ఆ ఓటమే పాఠం అవుతుంది. పాచికలతో ఆడే ఆటలో ఓడినవాడు అదృష్టాన్ని తిట్టుకొంటాడు. పులిజూదంలో ఓడినవాడికి తిట్టుకోవడానికి తాను తప్ప మరొకరు లేరు. ఆ బాధ్యతలోనే మళ్ళీ ఆడాలన్న కోరిక పుడుతుంది.

ఈ రెండు ఆటలూ ఆలోచనకు సంబంధించినవి. నేటి యువతరాన్ని ఎక్కువగా ఆకర్షిస్తున్న వీడియో ఆటలు వేరొక కోవకు చెందినవి. వాటిలో తెరమీద శత్రువు కదులుతాడు, బాణమో గుండో దూసుకువస్తుంది, ఆటగాడు రెప్పపాటులో తప్పుకోవాలి, లేదా ఎదుర్కోవాలి. ఇవి కంటికి, వేళ్ళకు పెట్టే పరీక్షలు. పద్యానికి, తెరమీది పోరాటానికి పోలిక ఏమిటని అనుమానం కలగవచ్చును. కాని అవధానంలో కూడా గడియారం ఆగదు, గంట ఆగదు, అప్రస్తుతప్రసంగి ఆగడు. తీరికగా ఇంట్లో కూర్చుని రాసే పద్యానికి, వేదికమీద చెప్పే పద్యానికి ఉన్న తేడా అదే. వీడియో ఆటల చరిత్రను పరిశీలిస్తే, వాటిని నిర్మించినవారు కూడా నిషిద్ధాక్షరి పృచ్ఛకునికి ఎదురైన ప్రశ్ననే ఎదుర్కొన్నట్లు తెలుస్తుంది: దారిని ఎంత ఇరుకు చేయాలి?

1978లో జపానులో నిషికాడో తోమోహిరో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ అనే ఆటలో శత్రువులు వరుసలు వరుసలుగా పైనుండి దిగుతూ వస్తారు. ఆటగాడు ఒక్కొక్కరినే కాల్చివేయాలి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవారి వేగం పెరుగుతుంది. ఇది ముందుగా ఆలోచించి పెట్టినది కాదు. ఆనాటి యంత్రానికి అంతమందిని తెరమీద గీయడం బరువైన పని. గీయవలసిన బొమ్మలు తగ్గేసరికి మిగిలినవాటిని త్వరగా కదిలించగలిగింది. నిషికాడో ఆ లోపాన్ని దిద్దక అలాగే ఉంచాడు. గెలుపు దగ్గరపడేకొద్దీ కష్టం పెరగడం, అది కూడా ఆటగాడు తన చేతులారా పెంచుకొన్న కష్టం కావడం, ఆ ఆటకు ప్రాణమైంది. చివర మిగిలిన ఒకే ఒక శత్రువు వెంట ఆటగాడి గుండె కూడా పరుగెత్తుతుంది.

1980లో ఇవాతాని తోరు నాయకత్వంలో వచ్చిన ‘పాక్-మాన్’ మరొక మెట్టు ఎక్కింది. అందులో నాలుగు భూతాలు ఆటగాణ్ణి తరుముతాయి. అవి పిచ్చిగా తిరుగుతున్నట్లు మొదట కనిపిస్తుంది. కొన్నాళ్ళు ఆడినవాడికి ఒక్కొక్క భూతానికి ఒక్కొక్క స్వభావం ఉన్నదని తెలుస్తుంది. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. గులాబీరంగుది, ఆటగాడు పోతున్న దిక్కును చూసి, అతడికి ముందుగా వెళ్ళి కాచుకొనే ప్రయత్నం చేస్తుంది. భయం పుట్టించిన నాలుగు బొమ్మలు క్రమంగా నాలుగు నియమాలుగా మారిపోతాయి. పృచ్ఛకుడు ఏ అక్షరాన్ని నిషేధిస్తాడో అవధాని ముందుగా పసిగట్టి, అతడిని ఆ వైపు నడిపించి, తాను వేరొక మాటకు మళ్ళడం వంటిదే ఇది.

తరువాత 1985లో నింటెండో సంస్థ విడుదల చేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ప్రపంచమంతటా ప్రసిద్ధి చెందింది. మియామోతో షిగేరు దాని ప్రధాన రూపకర్త. ఆ ఆటలోని మొదటి ఘట్టం ఒక మంచి ఉపాధ్యాయుని పాఠం వంటిది. ఒకచోట ఎదురెదురుగా రెండు మెట్ల దిబ్బలు ఉంటాయి. వాటి మధ్య పడితే నేలమీదనే పడతాడు. మళ్ళీ ఎక్కి దూకవచ్చును. కొద్ది దూరం పోగానే అటువంటివే రెండు దిబ్బలు వస్తాయి. ఈసారి మధ్యలో నేల లేదు, గొయ్యి ఉన్నది. దూరం తప్పుగా అంచనా వేసినవాడు మొదటిచోట నేర్చుకొంటాడు. అక్కడ నేర్చుకోనివాడు రెండవచోట ప్రాణం పోగొట్టుకొంటాడు. ఒక్క మాట కూడా రాయకుండా చెప్పిన పాఠం అది. గొయ్యిలో పడ్డ పిల్లవాడు ‘ఆట మోసం చేసింది’ అనడు. ‘తొందరపడ్డాను’ అంటాడు.

ఇదే సంస్థ మరుసటి సంవత్సరం, 1986లో, జపానులో ఆ ఆటకు రెండవ భాగాన్ని విడుదల చేసింది. ఇది మొదటిదానికంటె ఎంతో కఠినమైనది. మొదటి ఆటలో పుట్టగొడుగు తింటే బలం వచ్చేది. రెండవదానిలో చూడడానికి ఇంచుమించు అలాగే ఉండే విషపు పుట్టగొడుగును చేర్చారు. ఒకచోట గాలి ఆటగాణ్ణి తోస్తుంది. ముందుకు పోయే దారి అనుకొని వెళితే వెనక్కు పంపే మార్గాలూ ఉన్నవి. అమెరికాలో ఈ ఆటను ఆ సమయంలో అమ్మలేదు. ఆ పేరుతో వేరొక ఆటను పంపారు. మొదటి ఆటలో ఆరితేరి, ఇంకా కఠినమైనది కావాలని కోరినవారికి ఈ రెండవ భాగంలో కూడా ఒక రుచి లేకపోలేదు. కాని మొదటిసారి విషపు పుట్టగొడుగు తిన్నవాడు ఏ తప్పు చేశాడు? అంతవరకు ఆట తానే నేర్పిన పాఠాన్ని నమ్మాడు. నేర్పిన పాఠాన్నే ఉచ్చుగా మార్చడం పృచ్ఛకుడు యతిస్థానంలో నిషేధం పెట్టడం వంటిది. ఒకసారి చేస్తే పరిహాసం. పదిసార్లు చేస్తే విసుగు.

కష్టం వెనుక వేరొక ప్రయోజనం దాగి ఉన్నప్పుడు కూడా దాని రుచి పాడవుతుంది. తొలినాటి వీడియో ఆటలు చాలావరకు నాణెం వేస్తే ఆడే యంత్రాల్లో ఉండేవి. ఆటగాడు త్వరగా ఓడిపోతేనే యంత్రం యజమానికి మరొక నాణెం వస్తుంది. అలాగని సులభంగా, అన్యాయంగా ఓడిస్తే ఆటగాడు మళ్ళీ రాడు. నేటి సెల్‌ఫోన్ ఆటల్లో ఈ బేరం వేషం మార్చుకొన్నది. కొన్ని ఆటల్లో కొంతదూరం వెళ్ళాక దారి మూసుకుపోతుంది. ఆరు గంటలు వేచి ఉండమంటుంది, లేదా డబ్బు చెల్లించమంటుంది. ఇక్కడ ఆటగాడు నేర్చుకోవలసిన నైపుణ్యం ఏదీ లేదు. అమ్మకానికి పెట్టినది ఉపశమనం. అందుకోసమే ముందుగా బాధను తయారుచేశారు. దీనిని కష్టం అనడం కంటె సుంకం అనడం సమంజసం. డబ్బు పందెంగా పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటల సంగతి ఇంతకంటె తీవ్రమైనది. ఎన్నో కుటుంబాలు అప్పులపాలైన తరువాత, 2025 ఆగస్టులో భారత పార్లమెంటు అటువంటి ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. డబ్బు లేని ఆటలో కూడా మితిమీరడం వ్యాధిగా పరిణమించవచ్చునని గుర్తించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోకి వచ్చిన తన వ్యాధుల వర్గీకరణలో దానికి స్థానం కల్పించింది.

కష్టమైన ఆటలకు ఇరవై ఒకటవ శతాబ్దంలో పేరు తెచ్చినవి మియజాకి హిదెతాక నిర్దేశకత్వంలో వచ్చిన ‘డెమన్స్ సోల్స్’ (2009), ‘డార్క్ సోల్స్’ (2011). వీటిలో చిన్న శత్రువు కూడా ఏమరుపాటుగా ఉన్నవాణ్ణి చంపగలడు. పెద్ద శత్రువు చేతిలో పదిసార్లు, ఇరవైసార్లు చావడం మామూలే. అంత కఠినమైన ఆట లక్షలమందికి ఎందుకు నచ్చింది? శత్రువు ఖడ్గం ఎత్తే తీరులోనే ఏ దెబ్బ రాబోతున్నదో సూచన ఉంటుంది. మొదటిసారి ఆ సూచన కనిపించదు. అయిదవసారి కనిపిస్తుంది, కాని చేయి ఆలస్యమవుతుంది. పన్నెండవసారి కన్ను, చేయి ఒక్కటవుతాయి. శత్రువు బలం తగ్గలేదు, వేగం తగ్గలేదు. మారినవాడు ఆటగాడు. సులభమైన ఆటల్లో చాలావరకు ఆటలోని బొమ్మ బలం పెంచుకొంటుంది. ఇక్కడ మనిషి తానే పెరిగినట్లు అతడికి స్వయంగా తెలుస్తుంది. ఆ ఎరుక కొనుక్కొంటే వచ్చేది కాదు.

‘డార్క్ సోల్స్’లో మరొక ఏర్పాటు ఉన్నది. ఆటగాడు చనిపోతే అంతవరకు కూడబెట్టిన సంపద అతడు పడిపోయిన చోటనే ఉండిపోతుంది. దారిలోని శత్రువులందరూ తిరిగి లేచి నిలుస్తారు. మళ్ళీ అక్కడికి చేరగలిగితే పోయినదంతా దక్కుతుంది. చేరకముందే మరొకసారి చనిపోతే మొదటి సంపద శాశ్వతంగా పోతుంది. ఓటమికి ఏ మూల్యమూ లేకపోతే గెలుపుకు విలువ ఉండదు. మూల్యం మరీ ఎక్కువైతే ఆడడానికి ధైర్యం చాలదు. ఈ రెంటి మధ్య కొలత కుదర్చడమే ఆట నిర్మించేవారి ప్రజ్ఞ. అవధానంలో ధారణ ఇటువంటి కొలతే. నాలుగు ఆవృత్తాల్లో ఒక్కొక్క పాదంగా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని చివర కాగితం చూడకుండా వరుసగా అప్పగించాలి. రెండు గంటల శ్రమ దక్కుతుందో లేదో ఆ చివరి ఘట్టంలో తేలుతుంది.

మనస్తత్వశాస్త్రవేత్త మిహాయి చిక్సెంట్‌మిహాయి 1975లో ప్రచురించిన గ్రంథంలో, పని కష్టం మనిషి సామర్థ్యానికి మించితే ఆందోళన, సామర్థ్యం కంటె తగ్గితే విసుగు పుడతాయని, రెండూ సరితూగినచోట మనిషి తనను తాను మరచిపోయి పనిలో లీనమవుతాడని వివరించాడు. ‘అవధానం’ అనే మాటకే ఏకాగ్రత అని అర్థం. తూకం సరిగా ఉండడం అవసరమే. కాని తూకం ఒక్కటే చాలదని పైన చెప్పిన ఉదాహరణలు తెలుపుతున్నవి. విషపు పుట్టగొడుగు ఘట్టంలో లోటు తూకంలో లేదు, నమ్మకంలో ఉన్నది.

ఆటలోని కష్టాన్ని గురించి ఇంత చెప్పాక, బ్రతుకులోని కష్టాన్ని దానితో కలపరాదన్న హెచ్చరిక అవసరం. ధర్మవరంలో పట్టుమగ్గం మీద కూర్చున్న నేతగాడి పనిలో నైపుణ్యం ఉన్నది, ఏకాగ్రత ఉన్నది, సరితూగిన కష్టం కూడా ఉన్నది. కాని ఒక పోగు తప్పితే అతడికి పోయేది ఆటలోని ప్రాణం కాదు, ఇంటి కూలి. ఓటమి అంత ఖరీదైనచోట పదిసార్లు తప్పి నేర్చుకొనే అవకాశం లేదు. ఆశావాది ప్రకాశరావు పేద దళిత కుటుంబంలో జన్మించి, ఛందోవ్యాకరణాలు తమ సొత్తని కొందరు భావించే సమాజంలో ఆ విద్యను సాధించారు. ఆయన వేదికమీద ఎదుర్కొన్న నిషేధాలు ఆయన ఒప్పుకొని కూర్చున్నవి. పుట్టుకతో ఎదురైనవి ఎవరూ అడిగి తెచ్చుకొన్నవి కావు. మొదటివి ఆయన ప్రజ్ఞను వెలికి తీసినవి. రెండవవి కూడా మేలే చేసినవని చెప్పడం అన్యాయం. అవి ఎంతమంది ప్రజ్ఞను మొలకలోనే చిదిమివేసినవో లెక్కించడానికి వీలులేదు.

పెనుకొండకే సంబంధించిన మరొక కథ ఇక్కడ చెప్పుకోదగినది. ‘శివతాండవం’ కర్త, సరస్వతీపుత్ర బిరుదాంకితులు పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) బాల్యంలో పెనుకొండలో పెరిగారు. చిన్న వయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ అనే కావ్యం రాశారు. తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథమైంది. తన కావ్యంపై వచ్చిన ప్రశ్నకే విస్తారంగా సమాధానం రాస్తూ ఉండిపోవడంతో సమయం చాలక ఆ పరీక్షలో ఆయన తప్పారని సాహితీలోకంలో చెప్పుకొంటారు. ఈ కథను వినగానే అందరూ నవ్వుతారు. పరీక్షకు పెట్టిన గడువు ఎందుకు పెట్టారో, ఏ శక్తిని కొలవడానికి పెట్టారో తెలియనప్పుడు కష్టం ఇలాగే హాస్యాస్పదమవుతుంది. అవధానంలోని గడువు అటువంటిది కాదు. ఆ త్వర లేకపోతే ఆశుకవిత్వమే లేదు.

కష్టం అందరికీ ఒకే కొలతలో ఉండాలా అన్నది నేడు ఆటలు నిర్మించేవారి మధ్య వాదంగా ఉన్నది. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ అనే ఆట ఒక కొండను ఎక్కే యువతి కథ. అది చాలా కఠినమైనది. అయినా కావలసినవారు ఆట వేగం తగ్గించుకొనే సదుపాయాన్ని దానిలో ఉంచారు. చేతివేళ్ళు చురుకుగా కదలనివారు కూడా కొండ ఎక్కగలిగారు. దీనివల్ల గెలుపు పలుచనైందని కొందరి అభిప్రాయం. ప్రక్కవాడు నెమ్మదిగా ఎక్కినంత మాత్రాన తాను వేగంగా ఎక్కిన కొండ ఎత్తు తగ్గదు. అవధానవేదికలపై కూడా కొత్తగా అవధానం ప్రారంభించిన యువకునికి పృచ్ఛకులు కొంత ఉదారంగా ఉండడం, ఆరితేరినవారిని గట్టిగా పట్టడం రసజ్ఞులు మెచ్చే పద్ధతే.

మంచి పృచ్ఛకుడు సమస్య ఇచ్చేముందు, దానిని ఎలా పూరించవచ్చునో తాను ఒకసారి ఆలోచించుకొని వస్తాడు. తనకే దారి తెలియని సమస్యను సభలో పడవేయడు. నింటెండో సంస్థ 2015లో ‘సూపర్ మారియో మేకర్’ అనే ఆటను విడుదల చేసింది. ఆటగాళ్ళు తామే కొత్త ఘట్టాలు నిర్మించి ప్రపంచంలోని ఇతరుల ముందు ఉంచగలిగేవారు. గోతులు చాలా తవ్వగలిగేవారు, శత్రువులను చాలామందిని నిలపగలిగేవారు. అయితే ఒక్క షరతు పెట్టారు. ఘట్టాన్ని ఇతరులకు పంపేముందు దానిని నిర్మించినవాడు తానే మొదటినుండి చివరివరకు ఆడి గెలిచి చూపించవలసి ఉండేది. గెలవలేకపోతే ఆ ఘట్టం అతడి దగ్గరే ఉండిపోయేది.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నిషిద్ధాక్షరిలో కష్టం ఏ విధంగా ఆనందాన్ని కలిగిస్తుందో సోదాహరణంగా వివరించండి.
2. ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొదటి, రెండవ భాగాల్లోని కష్టానికి గల భేదాన్ని చర్చించండి.

ఆ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఆ అక్షరాన్ని ఛందస్సే కోరుతున్నది.
2. దీనిని కష్టం అనడం కంటె సుంకం అనడం సమంజసం.

ఇ) మీ ఊరిలో ఆడే ఒక సంప్రదాయ క్రీడ నియమాలను పెద్దలను అడిగి తెలుసుకొని రాయండి. దానిలో ఓడినవాడికి తన తప్పు ఎలా తెలుస్తుందో పేర్కొనండి.